ఫుకువోకా హైడ్రోజన్ బాట: కార్లకన్నా ముందు వాల్వులు

హైడ్రోజన్‌తో నడిచే ట్రక్కులు, బస్సులకు ఇంధన ఖర్చులో సాయం చేసేందుకు జపాన్ ప్రభుత్వం 2025 మేలో కొన్ని ప్రాధాన్య ప్రాంతాలను ఎంపిక చేసింది. క్యూషూ దీవి నుంచి ఆ జాబితాలోకి ఎక్కింది ఫుకువోకా ప్రిఫెక్చర్. ప్రిఫెక్చర్ అంటే ఎన్నికైన గవర్నరు, సొంత సభ ఉన్న స్థానిక ప్రభుత్వం. ఈ ఎంపిక వెనక ఇరవై ఏళ్ల పని ఉంది.

మూలం ఉక్కులో ఉంది. ఈ ప్రిఫెక్చర్‌లోని కితాక్యూషూ నగరంలో యవాతా ఉక్కు కర్మాగారం 1901లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఉక్కు తయారీకి బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మార్చేటప్పుడు వెలువడే వాయువులో సగానికి పైగా హైడ్రోజనే. అంటే ముడిసరుకు ఊళ్లోనే ఉంది. లేనిదల్లా దాన్ని వాడుకునే పరికరాలు, వాటిని తయారుచేసే సంస్థలు, కొనేవాళ్లు.

గవర్నర్ వతారు అసో హయాంలో 2004 ఆగస్టులో ప్రిఫెక్చర్ ప్రభుత్వం హైడ్రోజన్ ఇంధన వ్యూహ మండలిని ఏర్పాటు చేసింది. ఉక్కు, గ్యాస్ కంపెనీలు, క్యూషూ విశ్వవిద్యాలయం, పురపాలక సంస్థలు, చిన్న పరిశ్రమలు అందులో చేరాయి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తీర్మానం చదివించడం ఏ ప్రభుత్వానికైనా తేలికే. సభ ముగిశాక చిన్న పరిశ్రమవాడు ఏం పట్టుకుని ఇంటికెళ్లాడన్నదే అసలు సంగతి.

ఆ పరిశ్రమవాడి ఇబ్బంది ఇది. వాల్వు చేయడం అతనికి చేతనవును. అది హైడ్రోజన్‌కు ఆగుతుందని రుజువు చేయడమే చేతకాదు. కారు ట్యాంకులో హైడ్రోజన్ పీడనం 70 మెగాపాస్కల్స్, అంటే వాతావరణ పీడనానికి సుమారు 700 రెట్లు. ఆ కార్లకు హైడ్రోజన్ నింపే స్టేషన్ నిల్వ సిలిండర్లలో ఇంకా ఎక్కువ. అంత ఒత్తిడిలో హైడ్రోజన్ అణువులు పరమాణువులుగా విడిపోయి ఉక్కులోకి చొరబడతాయి. మామూలుగా మెల్లగా పెరిగే పగులు అప్పుడు వేగంగా సాగుతుంది. గట్టి ఉక్కు వాడితే సరిపోతుందనుకుంటే పొరపాటు. బలం ఎక్కువున్న ఉక్కే ఈ దెబ్బకు ముందు లొంగుతుంది. అందుకే నికెల్ దండిగా ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు వాడతారు, ఖర్చు పెరుగుతుంది.

లీకు కాకుండా జాయింట్లలో పెట్టే రబ్బరు ఓ-రింగ్ గొడవ మరోరకం. అధిక పీడనంలో హైడ్రోజన్ రబ్బరులోకి ఇంకుతుంది. పీడనం ఒక్కసారిగా దించితే లోపలి వాయువు బయటికొచ్చేలోపే ఉబ్బి బుడగలు కడుతుంది, అక్కడి నుంచి రబ్బరు చీలుతుంది. పైకి చూస్తే రింగు బాగానే ఉంటుంది, కోసి చూస్తే లోపల పగుళ్లు. బలం కోసం రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ హైడ్రోజన్‌ను ఇంకా ఎక్కువగా పట్టి ఉంచుతుంది. సిలికా కలిపిన రబ్బరులో ఆ బాధ తక్కువ.

ఇలాంటి విషయాలు తేల్చేందుకు 2006లో క్యూషూ విశ్వవిద్యాలయం ఇతో క్యాంపస్‌లో జాతీయ పరిశోధన కేంద్రం మొదలైంది. ఇంజనీర్లకు, కంపెనీ యజమానులకు శిక్షణ తరగతులు అప్పటికే నడుస్తున్నాయి. ఆ తర్వాత ఇతోషిమాలో హైడ్రోజన్ పరీక్షా కేంద్రం వచ్చింది. వాల్వు, గొట్టం, జాయింటు ఏదైనా రుసుము కట్టి అక్కడ అధిక పీడన హైడ్రోజన్‌లో పరీక్షించుకోవచ్చు. చిన్న కంపెనీ సొంతంగా కట్టుకోలేని సదుపాయం అది. మండలి చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

జనంలోకి తీసుకెళ్లే ప్రయత్నం 2008లో మొదలైంది. ఇప్పటి ఇతోషిమా పరిధిలోని 150 ఇళ్లలో ఇంటికొకటి చొప్పున ఒక కిలోవాట్ ఫ్యూయల్ సెల్, అంటే హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి విద్యుత్తు పుట్టించే పరికరం, పెట్టారు. విద్యుత్తుతోపాటు వచ్చే వేడితో స్నానానికి నీళ్లు కాగుతాయి. అయితే హైడ్రోజన్‌ను ఆ యంత్రంలోనే ఎల్పీజీ నుంచి తీశారు కాబట్టి దీన్ని కర్బన రహితం అనలేం. 2011లో కితాక్యూషూ హిగాషిదాలో మరో అడుగు పడింది. ఉక్కు కర్మాగారం హైడ్రోజన్‌ను 1.2 కిలోమీటర్ల పైపులైన్‌లో ఇళ్లకు, దుకాణానికి, మ్యూజియానికి పంపారు. హైడ్రోజన్‌కు వాసన ఉండదు, లీకయితే తెలియదు. వంటగ్యాస్‌లోలా గంధకపు వాసన కలిపితే ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినం పాడవుతుంది. అందుకే వాసన కలపడం, సెల్‌కు చేరేముందు దాన్ని తొలగించడం కూడా ప్రయోగంలో భాగమయ్యాయి.

2015లో ఫుకువోకా నగరం మురుగునీటి వైపు తిరిగింది. కేంద్ర శుద్ధి కర్మాగారంలో రోజుకు 2,400 ఘనపు మీటర్ల బయోగ్యాస్ నుంచి 3,300 ఘనపు మీటర్ల హైడ్రోజన్ తీసేలా ప్లాంటు కట్టారు. సుమారు 65 కార్ల ట్యాంకులు నిండే సరుకు అది. ఇక్కడ కీలకం శుద్ధి. షాంపూల వంటివాటి నుంచి మురుగులోకి చేరే సిలోక్సేన్లనే సిలికాన్ రసాయనాలను ముందే తీయకపోతే, అవి సిలికాగా మారి ఉత్ప్రేరకం మీద పేరుకుంటాయి. చివరికి స్వచ్ఛత 99.97 శాతం ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 0.2 భాగం దాటకూడదు.

సరుకు తయారైంది, కొనేవాళ్లు రాలేదు. 2014 డిసెంబరులో వచ్చిన హైడ్రోజన్ కారు టయోటా మిరాయ్ ధర 72 లక్షల యెన్‌లకు పైనే. స్థానిక వ్యాపార ప్రముఖులతో హైడ్రోజన్ కార్ల క్లబ్బు కూడా పెట్టించారు కానీ, ఒక్కో స్టేషన్‌కు అయ్యే 40–50 కోట్ల యెన్‌లను రాబట్టేంత రద్దీ రాలేదు. కార్లు లేక స్టేషన్లు రావు, స్టేషన్లు లేక కార్లు కొనరు. ఈ చిక్కుముడి సభలు పెట్టి విప్పగలిగేది కాదు.

ట్రక్కుల వైపు మళ్లడానికి కారణం ఇదే. రోజూ ఒకే దారిలో తిరిగే ట్రక్కు ఒకే స్టేషన్‌కు ఖాయమైన గిరాకీ ఇస్తుంది. కానీ కారుకు 5 కిలోల హైడ్రోజన్ చాలు, పెద్ద ట్రక్కుకు 50 కిలోలు కావాలి. నింపేటప్పుడు ట్యాంకు వేడెక్కి 85 డిగ్రీలు దాటకుండా వాయువును ముందే మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. కార్ల లెక్కన పెట్టిన కంప్రెసర్లు, శీతలీకరణ యంత్రాలు ఇన్ని కిలోలను ట్రక్కు డ్రైవరు ఓపిక పట్టే సమయంలో ఇవ్వలేవు. పాత స్టేషన్లలో ఆ రెండింటి సామర్థ్యం పెంచడమే ఇప్పుడు ముందున్న పని.