షాకప్‌కి కరెంట్ ఎందుకు?

మా ఫ్రెండ్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లగ్జరీ కారు కొన్నాడు, ముందు షాకప్‌లో ఆయిల్ కారుతోందని మెకానిక్‌కి చూపిస్తే ఆయన దానికి వెళ్తున్న వైరు చూసి "సార్, ఇది కరెంట్ షాకప్, మన దగ్గర అవ్వదు" అనేశాడు.

మామూలు షాకప్‌లో ఉండేది ఆయిలూ, పిస్టనూ, దానికి చిన్న కన్నాలూ, అంతే. కన్నం పెద్దదైతే ఆయిల్ సులువుగా పోతుంది, బండి మెత్తగా ఉంటుంది కానీ మలుపులో పడవలా ఊగుతుంది, చిన్నదైతే రోడ్డుని బాగా పట్టుకుంటుంది కానీ గుంతలో పడితే మన నడుం సంగతి చెప్పక్కర్లేదు. ఏదో ఒకటి ఫ్యాక్టరీలోనే డిసైడ్ చేసి పంపేవాళ్ళు.

1983లో టయోటా వాళ్ళు సోరర్ అనే కారులో టెమ్స్ అని ఒకటి పెట్టారు, షాకప్ నెత్తిన బుల్లి మోటారు, అది లోపలున్న సన్న కడ్డీని తిప్పితే కన్నం సైజు మారిపోతుంది. గట్టిగా బ్రేక్ కొట్టినా, స్టీరింగ్ గబుక్కున తిప్పినా కంప్యూటర్ పసిగట్టి షాకప్‌ని బిగించేస్తుంది. మరుసటి ఏడాది నిస్సాన్ ఇంకో అడుగు ముందుకేసి బండి కింద సోనార్, అంటే శబ్ద తరంగాలతో దూరం కొలిచే పరికరం, పెట్టి రోడ్డు ఎంత ఎత్తుపల్లాలుగా ఉందో కొలిచింది, 1984లో ఈ పిచ్చి ధైర్యం జపాన్ వాళ్ళకే చెల్లింది! తర్వాత బీఎండబ్ల్యూ లాంటి జర్మన్ కంపెనీలూ అందుకున్నాయి, మోటారు పోయి కరెంట్‌తో కదిలే వాల్వ్ వచ్చింది, రెండు మూడు మెట్లు కాకుండా మధ్యలో ఎక్కడైనా ఆపొచ్చు.

నాకు నచ్చింది మాత్రం 2002లో క్యాడిలాక్ సెవిల్‌లో వచ్చిన మాగ్నరైడ్. దీంట్లో కదిలే వాల్వే లేదు, ఆయిల్‌లోనే ఇనుప రేణువులు కలిపారు, పిస్టన్‌లో ఉన్న కాయిల్‌కి, అంటే తీగ చుట్టకి, కరెంట్ ఇస్తే రేణువులు వరసకట్టి ఆయిల్ అక్కడికక్కడే గట్టిపడుతుంది, ఆపితే మళ్ళీ పల్చన. ఐడియా కొత్తదేం కాదు, 1940ల చివర్లోనే అమెరికాలో జేకబ్ రాబినో ఇలాంటి ద్రవంతో క్లచ్ చేశాడు, కానీ కార్ల షాకప్‌లోకి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. తర్వాత ఫెరారీ 599లో, ఆడి టీటీలో కూడా ఇదే వాడారు. మన మహీంద్రా కూడా 2024లో తెచ్చిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలలో సెమీ యాక్టివ్ డ్యాంపర్లు, అంటే ఇలా కంప్యూటర్ బిగుతు మార్చే షాకప్‌లు, ఇచ్చింది.

ఇక మావాడి సంగతి, మామూలు షాకప్ బిగిస్తే డ్యాష్‌బోర్డులో లైట్ వెలుగుతుంది, ఎందుకంటే కంప్యూటర్ ఆ వైరు చివర కాయిల్ కోసం చూస్తుంది. అక్కడ ఓ రెసిస్టర్, అంటే కరెంట్‌ని అడ్డుకునే చిన్న ముక్క, తగిలించి కంప్యూటర్‌ని ఏమార్చేవాళ్ళూ ఉన్నారు, లైట్ ఆరుతుంది గానీ షాకప్‌ని బిగించే స్పోర్ట్ బటన్ ఇక ఉత్తుత్తిదే. మావాడు ప్రస్తుతానికి ఆయిల్ కారే షాకప్‌తోనే తిరుగుతున్నాడు.