తక్కువ ఖర్చుతో తుపాకీ పెట్టె: అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్‌లో లాకర్లు, తిజోరీలు బిగించడం, మొరాయించిన తాళాలు బాగుచేయడం ఇరవై రెండేళ్ళుగా నా పని. నగల కోసం వచ్చేవారే ఎక్కువ. ఆయుధ లైసెన్సు ఉన్నవారు కొద్దిమందే వస్తారు. సైన్యంలో పనిచేసి రిటైరైనవారు, నగల వ్యాపారులు, తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ వారసత్వంగా వచ్చినవారు, షూటింగ్ సాధన చేసే క్రీడాకారులు. ఆయుధం కోసం లక్ష రూపాయలకు పైగా వెచ్చించిన మనిషి కూడా పెట్టె దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి, తక్కువలో చూడండి" అంటారు. తక్కువలో చూడటం తప్పేమీ కాదు. అయితే ఆ తక్కువలో తగ్గించకూడనిదే తగ్గించుకుని వెళ్తారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. అందుకే రోజూ వినే మాటలనే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: బీరువాలో లాకర్ ఉంది కదా, తాళం వేస్తే చాలు.

మారేడ్‌పల్లిలో ఒక పెద్దాయన బీరువా తాళం బిగుసుకుపోయిందని పిలిచారు. లోపలి లాకర్‌లో ఆయన రివాల్వర్ ఉంటుంది. "తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు" అని ధైర్యంగా చెప్పారు. ఒకసారి ఇవ్వండి, చూస్తాను అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచేలోపే రెండో తరగతి చదివే మనవరాలు స్టూలు జరుపుకుని, ఎక్కి, వెంకటేశ్వరస్వామి పటం వెనక చెయ్యి పెట్టి చెవి తీసింది. "ఇదిగో తాతయ్యా" అని ఆయన చేతిలో పెట్టింది. "నీకెలా తెలుసమ్మా?" అని అడిగారు ఆయన. "నువ్వు రోజూ దండం పెట్టుకునేటప్పుడు అక్కడ తడిమి చూస్తావుగా" అంది పాప. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రివాల్వర్‌లో అప్పటికి ఆరు తూటాలూ నింపి ఉన్నాయి.

తుపాకీ పెట్టె దొంగ కోసమే అని అందరూ అనుకుంటారు. దొంగ వస్తే ఏ పదేళ్ళకో ఒకసారి వస్తాడు, రాకపోనూ వచ్చు. పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు, మన ప్రతి కదలికనూ చూస్తారు. కోపంలోనో దుఃఖంలోనో ఉన్న పెద్దవాళ్ళూ అదే ఇంట్లో ఉంటారు. పెట్టె మొదట కాపాడవలసింది వీళ్ళని. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న 'రేకు ఎంత మందం?' అని కాదు, 'చెవి ఎవరి దగ్గర ఉంటుంది?' అని.

ఇక బీరువా సంగతి. మామూలు స్టీలు బీరువా రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలి లాకర్ తలుపును పట్టి ఉంచేది చిన్న నాలుక ఒక్కటే. అది బట్టలకు, పత్రాలకు సరిపోతుంది. ఆయుధానికి సరిపోదు.

అపోహ: బోలెడంత బరువుంది, దీన్ని ఎవరు ఎత్తుకెళ్తారు?

మన ఇళ్ళలో వంటగ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నప్పుడు దాదాపు ముప్పై కిలోలు తూగుతుంది. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తుకి దాన్ని ఒక్క మనిషి భుజాన వేసుకుని తెస్తాడు. బజారులో పది పదిహేను వేలకు దొరికే పెట్టెల్లో చాలావరకు అంతకన్నా తేలికైనవే. మోసుకుపోయినవాడికి తీరిక దొరుకుతుంది. తీరిక ఉన్నవాడి ముందు ఏ చిన్న పెట్టే నిలవదు. పైగా బిగించని పెట్టెను వెల్లకిలా పడుకోబెడితే గడ్డపారకు పట్టు దొరుకుతుంది. నిలబెట్టి గోడకూ నేలకూ బిగించిన పెట్టె మీద ఆ బలం అంతగా పనిచేయదు.

అందుకని బిగింపు గురించి కాస్త వివరంగా చెప్తాను. నా వృత్తి మొత్తం మీద అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ భద్రత ఇచ్చేది ఇదొక్కటే. పెట్టె అడుగున, వెనక కంపెనీవాళ్ళే రంధ్రాలు ఇస్తారు. చాలామంది ఇళ్ళలో పదేళ్ళ తర్వాత చూసినా వాటికి బోల్టులుండవు. 10 లేదా 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు, డ్రిల్లింగ్ కూలి, అంతా కలిపినా పెట్టె ధరలో చిన్న వంతే. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఏ రకమైనా దొరుకుతాయి.

అయితే ముందు గోడ ఎలాంటిదో చూడాలి. పాతబస్తీ, సికింద్రాబాద్ పాత ఇళ్ళలో రాతి గోడలుంటాయి. రాయి గట్టిదే కానీ రాళ్ళ మధ్య సున్నం పొడిపొడిగా రాలుతుంది, రంధ్రం రాతిలోనే పడాలి. ఇటుక గోడ తొమ్మిది అంగుళాలదైతే ఫరవాలేదు, నాలుగున్నర అంగుళాల గోడను నమ్మవద్దు. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలిక బ్లాకుల గోడలు వస్తున్నాయి. వాటిలో మామూలు యాంకర్ బిగిస్తే బ్లాకు లోపలే పిండి అయిపోతుంది. చేతితో లాగితే బోల్టు ఊడి వచ్చిన సందర్భాలు చూశాను. అక్కడ కాంక్రీటు పిల్లర్‌కో, కిందనున్న స్లాబుకో బిగించాలి. ఆ వీలు లేకపోతే కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే బోల్టు వాడాలి. మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టిన టవర్లలో ఎక్కువ గోడలు కాంక్రీటువే కాబట్టి ఆ చింత తక్కువ. కొన్ని భవనాల స్లాబుల్లో మాత్రం బిగువుగా లాగి ఉంచిన ఉక్కు తీగలుంటాయి. అలాంటి చోట బిల్డరును అడగకుండా నేలకు డ్రిల్లు పెట్టవద్దు. బాత్రూమ్‌ను ఆనుకుని ఉన్న గోడ అసలు వద్దు, పైపూ పగలవచ్చు, చెమ్మా పడుతుంది. అద్దె ఇల్లయితే యజమానిని ముందే ఒప్పించండి.

అపోహ: "అయిదు మిల్లీమీటర్ల ఉక్కు" అని రాసి ఉంది కదా.

ఎక్కడ అయిదు? తలుపు మాత్రమే అయిదు ఉండి, ఒళ్ళు రెండే ఉన్న పెట్టెలు బజారులో కోకొల్లలు. దీన్ని ఎవరైనా ఇంట్లోనే లెక్కగట్టవచ్చు. ఒక చదరపు మీటరు ఉక్కు రేకు, ఒక మిల్లీమీటరు మందంలో, సుమారు 7.85 కిలోలు తూగుతుంది. ఎత్తు 50 సెంటీమీటర్లు, వెడల్పు 35, లోతు 35 ఉన్న పెట్టె తీసుకోండి. ఆరు వైపులా కలిపి వైశాల్యం 0.945 చదరపు మీటర్లు. అంతటా రెండు మిల్లీమీటర్లయితే దాదాపు 15 కిలోలు. తలుపు ఒక్కటీ అయిదు చేస్తే ఇంకో నాలుగు కిలోలు పెరుగుతుంది. నిజంగా అంతటా అయిదు ఉంటే 37 కిలోలు ఉండాలి. తాళం, బోల్టుల బరువు దీనికి అదనం. అట్టపెట్టె మీద ముద్రించిన బరువు ఇరవై అని ఉంటే, అమ్మేవాడు ఏమన్నా, మీకు జవాబు దొరికినట్టే. నేను దుకాణంలో టేపూ, ఫోనులో కాలిక్యులేటరూ పెట్టుకుని కొనేవారి ముందే లెక్కవేస్తాను.

గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని కూడా గుర్తుంచుకోండి. 18 గేజి అంటే 1.2 మిల్లీమీటర్లు, 14 గేజి అంటే రెండు, 10 గేజి అంటే మూడుంపావు. పరిమిత బడ్జెట్‌లో ఒంటికి కనీసం 14 గేజి, తలుపుకు అంతకన్నా మందం అడగండి. తలుపుకూ చట్రానికీ మధ్య సందులో మీ గోరు పడితే స్క్రూడ్రైవర్ మొనా పడుతుంది. బందులు బయటికి కనిపిస్తున్నాయని భయపడనక్కర లేదు. బందుల వైపు కూడా లోపల ఒక పట్టీ చట్రంలోకి దూరి ఉంటే చాలు, వాటిని కోసేసినా తలుపు ఊడదు. దుకాణంలో తలుపు తెరిచి ఆ పట్టీని వేలితో తడిమి చూడండి.

విదేశీ పెట్టెల మీద "ఆర్‌ఎస్‌సీ" (రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటెయినర్, ఇళ్ళలో వాడే భద్రతా పెట్టె) అని కనిపిస్తే, ఆ అమెరికా పరీక్ష తొలి స్థాయి అర్థం ఇది: ఒక మనిషి మామూలు చేతి పనిముట్లతో అయిదు నిమిషాలు ప్రయత్నించినా అది తెరుచుకోలేదు. ఆ అయిదు నిమిషాలూ విలువైనవే. కటింగ్ మెషిన్ ముందు మాత్రం ఏ చవక పెట్టే ఎక్కువసేపు ఆగదు.

అపోహ: వేలిముద్ర తాళమే అన్నిటికన్నా భద్రం.

వేలిముద్ర మంచిదో చెడ్డదో తర్వాత చూద్దాం, దాని వెనక గొళ్ళాన్ని కదిలించేది ఏమిటో ముందు తెలుసుకోండి. చవక ఎలక్ట్రానిక్ పెట్టెల్లో అది స్ప్రింగుతో పనిచేసే చిన్న సోలెనాయిడ్, అంటే కరెంటు తగిలితే పిన్నును లాగే అయస్కాంతం. గట్టి కుదుపు తగిలితే ఒక్క క్షణం పక్కకు జరిగే బలహీనత చాలావాటిలో ఉంది. అంకెలు నొక్కకుండానే అలా తెరుచుకున్న పెట్టెలు నా బల్ల మీదకు ఎన్నో వచ్చాయి. మోటారుతో తిరిగే తాళానికి ఆ జబ్బు లేదు. ధర తేడా ఉంటుంది, ఆ తేడా పెట్టవలసినదే. ఇంకొకటి, ప్లాస్టిక్ మూత కింద దాగి ఉండే అత్యవసర తాళం. పైన ఎంత గొప్ప వేలిముద్ర యంత్రమున్నా, కింద బొమ్మ తాళం లాంటిది పెడితే పెట్టె బలం ఆ బొమ్మ తాళమంతే.

2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ సుమారు 61 వేల వేలిముద్ర తుపాకీ పెట్టెలను వెనక్కి తీసుకోవాలని ప్రకటించింది. యజమాని తన వేలిముద్ర నమోదు చేశానని అనుకున్నా, పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకునే స్థితిలోనే ఉండిపోతోందని తేలింది. పన్నెండేళ్ళ పిల్లవాడి మరణం దాకా వెళ్ళిన విషయమది. కాబట్టి వేలిముద్ర పెట్టె కొన్నవారు మీ వేలు నమోదు చేసిన వెంటనే ఇంట్లో మిగతా అందరి వేళ్ళూ పెట్టించి, తెరుచుకోవడం లేదని కళ్ళారా చూడండి. నా వరకు నేను బడ్జెట్ తక్కువైనవారికి ఇచ్చే సలహా ఒకటే: చెవి సరిగ్గా లేపవలసిన పలకలు, అంటే లీవర్లు, ఆరు ఉన్న మంచి తాళంచెవి పెట్టె తీసుకోండి, చెవిని ఒంటి మీద ఉంచుకోండి. అంకెల తాళమే కావాలంటే సెల్లులు ఏటా మార్చండి. అత్యవసర చెవిని పెట్టె లోపలే పెట్టి తలుపు మూసేసినవారు నాకు నెలకొకరైనా ఫోను చేస్తారు.

అపోహ: తుపాకీ పెట్టె అంటే నిలువెత్తు అల్మరా ఉండాలి.

అమెరికా బొమ్మలు చూసి వచ్చే అభిప్రాయం ఇది. మన దేశంలో ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు రెండు ఆయుధాలకు మించి ఉంచుకోకూడదు. షూటింగ్ క్రీడాకారుల నిబంధనలు వేరు. పిస్టల్‌కైతే చిన్న పెట్టె చాలు. పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ నిలువునా నాలుగడుగుల దాకా ఉంటుంది కానీ, గొట్టాలు, ముందు చెక్క, భుజానికి ఆనించే మడమ భాగం విడిగా ఊడి వస్తాయి. అన్నిటికన్నా పొడవైన భాగం గొట్టమే, సాధారణంగా 28 లేదా 30 అంగుళాలు. అంటే 85 సెంటీమీటర్ల పెట్టెలో అది హాయిగా పడుతుంది. పొడవు తగ్గితే ఉక్కు తగ్గుతుంది, మిగిలిన డబ్బుతో మందం పెంచుకోవచ్చు. విప్పి ఉన్న తుపాకీ పిల్లల చేతికి చిక్కినా పేలదు. ఈ కొలతకు రెడీమేడ్ దొరక్కపోతే బాలానగర్‌లో మూడు మిల్లీమీటర్ల రేకుతో చేసిచ్చే వెల్డింగ్ షాపులున్నాయి. తాళం మాత్రం మీరే మంచిది కొని ఇవ్వండి, చవకది వేయనివ్వకండి.

అపోహ: తూటాలు నింపి ఉంచకపోతే ఆపదలో ఏం ప్రయోజనం?

ఈ మాట అనేవారితో నేను వాదిస్తాను, కోపం తెచ్చుకున్నా సరే. ఆయుధం ఖాళీ చేసి ఒక తాళం కింద, తూటాలు వేరే తాళం కింద ఉండాలి. రెండు పెట్టెలు కొనక్కర లేదు, అదే పెట్టెలో వేరే చెవితో తెరుచుకునే చిన్న అర చాలు. మారేడ్‌పల్లి ఇంట్లో నేను చేసింది అదే.

అపోహ: పెట్టెలో పెట్టేస్తే ఇక చూసుకోనక్కర లేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో తేమ మూసిన పెట్టెలో చిక్కుకుంటుంది. లోపలి స్పాంజి దాన్ని పీల్చుకుని ఇనుముకు అంటిస్తుంది. తోలు ఒరలో ఉంచిన పిస్టల్ ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. ఒర తీసేసి, పలచగా నూనె పూసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, నెలకోసారి మార్చండి. అగ్ని నిరోధకం అని చెప్పే పెట్టెల్లో జిప్సం పలకలుంటాయి. అవి కాగితాలకు పనికొస్తాయి. బడ్జెట్ తక్కువైనప్పుడు ఆ డబ్బు తాళానికీ ఉక్కుకూ పెట్టడమే మేలు.

ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసినప్పుడు పెట్టె ఖాళీగా ఉంటుంది. బోల్టులు బిగించడానికి, అత్యవసర చెవి తిరుగుతోందో లేదో చూడటానికి అదే సమయం. డిపాజిట్ రసీదును మాత్రం వేరే చోట దాచండి. ఇంకో మాట ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి: లైసెన్సుదారు కాలం చేస్తే ఆ ఆయుధం అలా పెట్టెలో ఉండిపోకూడదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలి. భర్త పోయిన రెండేళ్ళకు ఒకావిడ నన్ను పిలిచి, "ఇందులో ఏముందో నాకు తెలియదు బాబూ, తెరిచి చూడు" అన్నారు. అది తుపాకీ పెట్టె అని చూడగానే తెలిసింది. ముందు స్టేషన్‌కు ఫోను చేయించి, కానిస్టేబుల్ వచ్చాకే తాళం మీద చెయ్యి వేశాను.