పచ్చగా కనిపిస్తే ఎడారి ముప్పు లేనట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పొడి ప్రాంతాల్లో నేలను మొక్కలు ఎంతమేర కప్పి ఉన్నాయో కొలవడం నా పని. టేపు పరిచి, అర మీటరుకు ఒకసారి సన్నటి కడ్డీ దింపి, దాని కొన దేనికి తగిలిందో రాసుకుంటాం: గడ్డి, పొద, ఎండుటాకు, రాయి, ఉత్త మట్టి. వంద చోట్ల దింపితే నలభై చోట్ల మొక్క తగిలిందంటే అక్కడ పచ్చని కప్పు 40 శాతం. ఎడారీకరణ ముప్పు పసిగట్టడానికి ఇంత సులువైన కొలత మరొకటి లేదని నా నమ్మకం. కానీ ఆ అంకె చేతికొచ్చాక దాన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఎడారీకరణ అంటే ఇసుక మన మీదికి జరిగి రావడం.

1994 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఎడారీకరణ అంటే శుష్క, అర్ధశుష్క, కాస్త తేమ ఉన్న పొడి ప్రాంతాల్లో వాతావరణ మార్పుల వల్ల, మనుషుల పనుల వల్ల నేల క్షీణించడం. అది ఒక గీతలా ముందుకు రాదు. నీటి గుంటల చుట్టూ, ఊళ్ల చుట్టూ, వాలుల మీద మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది. సహారా ఏటా 5 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరుగుతోందని 1970లలో సూడాన్‌లో చేసిన ఒక సర్వే చెప్పింది. 1980 నుంచి 1990 దాకా శాటిలైట్ చిత్రాలు చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ అంచు కరువు ఏడాది కిందికి దిగుతోంది, వానలు పడిన ఏడాది మళ్లీ పైకి వెళుతోంది.

అపోహ: శాటిలైట్‌లో పచ్చదనం పెరిగితే నేల కోలుకున్నట్టే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే అపోహ ఇది. ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పి కొడతాయి. ఆ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, అంటే శాటిలైట్‌తో పచ్చదనాన్ని కొలిచే సూచిక. అది చూసేది పచ్చటి ఆకును మాత్రమే. ఆ ఆకు దేనిదో దానికి తెలియదు.

ఒక మంచి వాన పడితే చాలు, ఏడాదిలోనే ఎండిపోయే కలుపు మొక్కలు నేలంతా పరుచుకుంటాయి. చిత్రంలో అదంతా పచ్చగానే ఉంటుంది. నాలుగు నెలల తర్వాత వెళ్లి చూస్తే దుమ్మే మిగులుతుంది. అందుకే పచ్చదనాన్ని విడిగా చూడకూడదు, పడిన వానతో పోల్చి కొన్నేళ్ల పాటు చూడాలి. వాన అంతే ఉన్నా పచ్చదనం ఏటేటా తగ్గుతుంటే, అప్పుడు నేలను అనుమానించాలి.

సర్కారు తుమ్మ సంగతి ఇంకా ఇబ్బందికరం. ఇథియోపియాలోని అఫార్‌లో, కెన్యాలోని బరింగోలో అది మేత బీళ్లను ఆక్రమించింది. పైనుంచి చూస్తే దట్టమైన పచ్చదనమే. కింద పశువులు తినే గడ్డి పోయింది. సహారాకు దక్షిణాన ఉన్న పొడి పట్టీ సాహెల్‌లో 1980ల కరువుల తర్వాత పచ్చదనం తిరిగొచ్చిన మాట నిజమే. అయినా సెనెగల్‌లో కొన్ని చోట్ల మునుపటి చెట్ల రకాలు తిరిగి రాలేదు.

ఇందుకు పూర్తిగా ఎదురు తప్పు కూడా ఉంది. ఎండిన గడ్డి దుబ్బులు, రాలిన ఆకులు ఎన్‌డీవీఐకి దాదాపు కనిపించవు. నేలను కాపాడే పనిలో మాత్రం అవి పచ్చి గడ్డికి ఏమాత్రం తీసిపోవు.

అపోహ: శాతం ఒకటే అయితే ముప్పూ ఒకటే.

పక్కపక్కనే రెండు వాలులు ఉన్నాయనుకోండి, రెండింటా కప్పు 30 శాతమే. ఒక దాంట్లో చిన్న చిన్న దుబ్బులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. పారే నీరు ప్రతి దుబ్బు దగ్గరా ఆగి, మోసుకొచ్చిన మట్టిని, విత్తనాలను అక్కడ వదిలి, కొంత ఇంకిపోతుంది. రెండో దాంట్లో నాలుగు పెద్ద పొదలు, వాటి మధ్య పైనుంచి కిందిదాకా ఉత్త నేల. అక్కడ నీటికి అడ్డం లేదు. వేగం పుంజుకుని, పైమట్టిని కోసి, కాలువలు చేస్తుంది. అందుకే నేను శాతంతో పాటు మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ ఎంత పొడవుందో కూడా రాస్తాను. మొత్తం శాతం పెద్దగా తగ్గకముందే ఆ ఖాళీలు పెరగడం మొదలైతే, నా దృష్టిలో అదే తొలి హెచ్చరిక.

మధ్యధరా ప్రాంతం కోసం తయారైన మెడాలస్ అనే ఎడారీకరణ ముప్పు అంచనా పద్ధతి, కప్పు 40 శాతం పైన ఉంటే మంచి రక్షణ అనీ, 10 శాతం కంటే తగ్గితే చాలా తక్కువ అనీ లెక్కేస్తుంది. ఈ అంకెలు పనికొస్తాయి, కానీ ఖాళీలు చూడకుండా వాటినే నమ్ముకోవద్దు.

అపోహ: మొక్క లేని నేలంతా చచ్చిన నేలే.

కాదు. నాచు, లైకెన్లు (శిలీంధ్రం, శైవలం జతగా బతికేవి), సైనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు కలిసి మట్టి పైన పలుచని పెచ్చు కడతాయి. గాలికి మట్టి లేవకుండా అదే పట్టి ఉంచుతుంది. బండి చక్రం కింద నలిగితే అది మళ్లీ పూర్తిగా రావడానికి చాలా చోట్ల దశాబ్దాలు పడుతుంది. దయచేసి దాని మీద బండి ఎక్కించకండి.

అపోహ: చెట్లు నాటితే ముప్పు తీరినట్టే.

కింద గడ్డి, రాలిన ఆకులు లేకపోతే ఎత్తైన చెట్టు నేలను కాపాడలేదు. పెద్ద ఆకుల మీద చేరిన నీరు పెద్ద బొట్లుగా మారి, ఎత్తు నుంచి పడి మట్టిని చెదరగొడుతుంది. నైజర్‌లో రైతులు చేసింది వేరు. పొలాల్లో మిగిలిన మొద్దుల నుంచి వాటంతటవే లేచిన చిగుళ్లను కొట్టేయకుండా, ఎంచి పెంచారు. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. వేళ్లు అప్పటికే నేలలో ఉన్నాయి కాబట్టి ఆ చిగుళ్లు కరువును తట్టుకున్నాయి.

ఇంకో మాట. కప్పు లెక్కలు ఎవరు చూపించినా, ఏ నెలలో కొలిచారని అడగండి. వానాకాలం చివర్లో తీసిన అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. నేను మాత్రం ఎండాకాలం చివర, తొలి వానకు ముందు ఇంకోసారి టేపు పరుస్తాను. నేల ఎక్కువగా కొట్టుకుపోయేది ఆ తొలి జడివానలకే, ఆ రోజున నేల మీద ఏముందన్నదే నాకు కావాలి.