కాలు మడతపడితే నెల రోజులు మంచమేనా? ఒక ఫిజియో మాట

వానలు మొదలయ్యాయంటే నా దగ్గరికి చీలమండ బెణికినవాళ్ళు వరసగా వస్తారు. ఆటో దిగుతూ గుంటలో కాలేసినవాళ్ళు, షటిల్ ఆడుతూ పక్కవాడి కాలి మీద దిగినవాళ్ళు, చీర కుచ్చిళ్ళు తట్టుకుని మెట్ల మీద జారినవాళ్ళు. సగంమంది అప్పటికే ఇంట్లో ఉప్పు చింతపండు పట్టు వేసుకుని, పక్కింటివాళ్ళ సలహాలన్నీ విని వస్తారు. ఆ సలహాల గురించే ఇది.

అపోహ: నడవగలుగుతున్నాను కదా, ఎముక విరగలేదు.

విరిగినా కుంటుతూ నడిచేవాళ్ళని చాలామందిని చూశాను. ముఖ్యంగా చిటికెన వేలి వైపు పాదం అంచు మీద, మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక ఒకటి ఉంటుంది, కాలు లోపలికి మడతపడినప్పుడు అక్కడ చిట్లుతుంది, మనం గిలక (చీలమండకి పక్కన పొడుచుకొచ్చినట్టుండే ఎముక) దగ్గర వాపు చూసి ఉత్త బెణుకే అనుకుంటాం. ఎక్స్‌రే ఎప్పుడు తీయాలో తేల్చడానికి కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి చెప్పారు, ఇప్పటికీ అదే వాడతాం. రెండు గిలకల వెనక అంచున చివరి 6 సెంటీమీటర్లలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉందా, ఇందాక చెప్పిన చిటికెన వేలి వైపు ఎముక మీద గానీ, పాదం లోపలివైపు గిలకకి కాస్త ముందున్న ఎముక మీద గానీ నొప్పి ఉందా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ కూడా నాలుగడుగులు వేయలేకపోయారా? ఇందులో ఒక్కటున్నా ఎక్స్‌రే తీయించండి.

అపోహ: నరం మీద నరం ఎక్కింది, పట్టి లాగితే సర్దుకుంటుంది.

ఎక్కిన నరమేదీ లేదు. ఎక్కువగా తెగేది చీలమండ బయటివైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్. తెగిన దాన్ని మొదటి రెండు మూడు రోజుల్లో నూనె రాసి గట్టిగా పిసికితే లోపల రక్తం ఇంకా కారి వాపు పెరుగుతుంది. క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోండి. ఐస్ పెడితే నొప్పి కాస్త తగ్గుతుంది, అంతకుమించి దాని మీద ఆశలు పెట్టుకోకండి.

అపోహ: పూర్తిగా తగ్గేదాకా కాలు కింద పెట్టకూడదు.

నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. విరగలేదని తేలిన మామూలు బెణుకుకి మూడు వారాలు మంచం మీదే ఉండి వచ్చారంటే, నేను ముందు చూసుకోవాల్సింది బెణుకుని కాదు, బిగుసుకుపోయిన కీలునీ సన్నబడిపోయిన పిక్కనీ. ఒకటి రెండు రోజులు కాలుకి పని తగ్గించండి చాలు. తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర బరువు మోపండి, కూర్చున్నచోటే పాదంతో గాలిలో అఆలు రాయండి (పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి). రోజూ వాకింగ్ అలవాటున్నవాళ్ళు ఆపేస్తే మనిషి చిరాకుగా తయారవుతాడు, షుగర్ ఉంటే అదీ పెరుగుతుంది, కాబట్టి వాకింగ్ బదులు కుర్చీలో కూర్చుని డంబెల్స్ చేయండి, నొప్పి లేకపోతే జిమ్ సైకిల్ తక్కువ బరువు మీద తొక్కండి. బాగున్న కాలుకి వ్యాయామం చేయిస్తే దెబ్బ తగిలిన కాలి బలం కూడా కొంత నిలబడుతుంది. వినడానికి వింతగా ఉన్నా నిజం, మెదడు రెండు వైపులకీ నేర్చుకుంటుంది.

కర్ర పట్టుకునేవాళ్ళు నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. తప్పు. ఎడమ కాలికి దెబ్బైతే కర్ర కుడి చేతిలో ఉండాలి.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది.

చర్మం తెగని బెణుకులో చీము ఎక్కణ్ణించి వస్తుందండీ? మానడానికి ప్రోటీన్ కావాలి. పప్పూ గుడ్డూ తినండి.

అపోహ: నొప్పి పోయింది, ఇక మామూలే.

"వచ్చే వారం అలిపిరి మెట్లెక్కాలి, మొక్కు ఉంది" అని ఒకాయన వచ్చారు. నొప్పి లేదు, నిజమే. ఆ కాలి మీద ఒంటికాలిపై నిలబడమంటే అయిదు సెకన్లు ఆగలేకపోయారు. అక్కడున్నవి 3,550 మెట్లు! లిగమెంట్ దెబ్బతింటే పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే జ్ఞానం మందగిస్తుంది, అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. ఒంటికాలి మీద అర నిమిషం కదలకుండా నిలబడటం, అదే కాలి మునివేళ్ళ మీద ఇరవైసార్లు లేవడం వచ్చాకే కొండైనా షటిల్ కోర్టైనా. మొక్కు రెండు నెలలు వాయిదా వేయించాను, కొంచెం గునిశారు గానీ విన్నారు.

అపోహ: నొప్పే లేదు, వాపు అదే పోతుంది.

చాలాకాలంగా షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి ఇప్పటిదాకా చెప్పినవేవీ వర్తించవు, ఒట్టావా పద్ధతి కూడా. ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా తగులుతుంటే నొప్పి లేకపోయినా లోపల ఎముకలు చిట్లి పాదం ఆకారమే కూలిపోతుండవచ్చు. దాన్ని చార్కో పాదం అంటారు. అలాంటప్పుడు మాత్రం ఓర్చుకున్నంత నడవడం లాంటివేమీ వద్దు. కాలు కింద మోపకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.