డయాలసిస్ మొదలవ్వకముందే చేతిని కాపాడుకోవాలి

నిమ్స్‌లోనో గాంధీలోనో డయాలసిస్ కోసం వచ్చినవాళ్లను చూస్తే కొందరికి మెడ పక్కన కట్టు, దాని కిందనుంచి బయటకు రెండు గొట్టాలు ఉంటాయి. కిడ్నీలు పాడయ్యాయని ఆలస్యంగా తెలిసి, అర్జెంటుగా డయాలసిస్ చేయాల్సి వస్తే డాక్టర్లు చాలాసార్లు పట్టుకునే దారి అది. ప్రాణం నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ గొట్టం కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ వస్తే నేరుగా రక్తంలోకే పోతుంది, ఎక్కువకాలం ఉంచితే ఆ సిర సన్నబడి, తర్వాత అదే వైపు చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతి సిరను ధమనికి కలపడం) చేద్దామన్నా ఇబ్బందవుతుంది.

మెషిన్ నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం లాగి, శుభ్రంచేసి, తిరిగి పంపాలి. చేతిమీద పైకి కనిపించే సిరల్లో అంత ప్రవాహం ఉండదు. ధమనిలో ఒత్తిడి ఉంటుంది గానీ అది లోపలగా ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు దాన్ని పొడవలేం. అందుకే మణికట్టు దగ్గర సిరను ధమనికి కలిపి కుట్టేస్తారు, ఇదే ఫిస్టులా. ధమని రక్తం జోరుగా వచ్చిపడి కొన్ని వారాల్లో ఆ సిర వెడల్పై, గోడ మందమై, సూదులకు తట్టుకునేలా తయారవుతుంది. 1966లో అమెరికాలో బ్రెషియా, సిమినో, వాళ్లతోపాటు మరో ఇద్దరు డాక్టర్లు ప్రకటించిన ఈ పద్ధతిని మించింది ఇప్పటికీ రాలేదనే నేనంటాను.

ఇది తయారవడానికి టైం పడుతుంది. ఆరు వారాల తర్వాత డాప్లర్‌లో, అంటే రక్త ప్రవాహాన్ని కొలిచే స్కాన్‌లో, చూసినప్పుడు నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మానికి 6 మిల్లీమీటర్ల లోపే ఉండటం, ఇవీ డాక్టర్లు చూసే గుర్తులు. కొందరికి మూడు నెలలైనా పట్టొచ్చు, కొందరికి అసలు ఎదగదు.

ఎదగకపోవడానికి ఒక కారణం మన చేతుల్లోనే ఉంది, నాకు బాధ కలిగించేదీ అదే. షుగర్, బీపీ ఏళ్లతరబడి ఉండి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) మెల్లగా పెరుగుతున్న మనిషి వానాకాలం డెంగీతో అడ్మిట్ అవుతాడు, ముంజేతి సిరలో కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెడతారు, అది వాస్తే ఇంకోచోట పెడతారు, అలా రేపు ఫిస్టులాకు పనికొచ్చే సిరే మూసుకుపోతుంది. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు “సిస్టర్, ఈ చెయ్యి వద్దండీ, ముంజేతిలో కాకుండా అరచేతి వెనక పెట్టండి” అని మొహమాటం లేకుండా అడగాలి. ఎక్కువ వాడని చెయ్యిని, అంటే చాలామందికి ఎడమచెయ్యిని, రక్తం తీయడానికి కూడా ఇవ్వకపోవడమే మంచిది.

ఫిస్టులా అయ్యాక రోజూ చూసుకోవాల్సింది పేషెంటే. వేళ్లు ఆనిస్తే సైలెంట్‌లో ఫోన్ అదిరినట్టు ఝుమ్మని తగలాలి. అదురు పోయి గట్టిగా నాడిలా కొట్టుకుంటుంటే ముందు ఎక్కడో సన్నబడిందేమోనని అనుమానించాలి. చెయ్యి పైకెత్తితే ఉబ్బిన సిర తగ్గాలి, తగ్గకపోయినా అదే అనుమానం. సూది తీశాక రక్తం ఆగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే అదీ చెప్పాలి, వేళ్లు చల్లబడి నొప్పెడుతుంటే అదీ చెప్పాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, బస్సులో బరువు సంచి దానికి తగిలించకూడదు, దానిమీద పడుకోకూడదు. బీపీ బాగా పడిపోయినప్పుడు ఫిస్టులాలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, మే నెల ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకుంటే మరీ జాగ్రత్త. అదురు ఆగిందని అనిపిస్తే రేపటి డయాలసిస్‌లో చెబుదాంలే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, గడ్డను త్వరగా తీయగలిగితే చాలాసార్లు అదే ఫిస్టులా మళ్లీ పనిచేస్తుంది.