పగిలిన ప్యానెల్‌కు గమ్ము పోసి తేవద్దు: పాత బండి ప్లాస్టిక్ గురించి అపోహలు – వాస్తవాలు

ఈ వారంలో ఇది మూడోసారి. పొద్దున అంగడి షట్టర్ ఎత్తి ఇంకా నీళ్లు కూడా చల్లలేదు, ఒక కుర్రోడు పాత స్ప్లెండర్ సైడ్ ప్యానెల్‌ను పేపర్లో చుట్టుకొని వచ్చాడు. "చిన్న క్రాకే అన్నా. నేనే ఫెవిక్విక్ వేసి పైన వంటసోడా చల్లినా. రెండు దినాలు కూడా నిలబడలేదు" అన్నాడు. విప్పి చూస్తే పగులు బొటనవేలంత కూడా లేదు. దాని చుట్టూ అరచేయంత మేర గడ్డకట్టిన తెల్లటి పొర ఉంది. ఆ పగులు కలపడానికి నాకు అరగంట చాలు. ఆ పొర తీయడానికి ఒక పూట పట్టింది.

నేను బెంగళూరులో నాలుగేళ్లు ఒక పెయింటింగ్ షెడ్డులో పని నేర్చుకొని, పన్నెండేళ్ల కింద అనంతపురం వచ్చి అంగడి పెట్టుకున్నాను. సైడ్ ప్యానెళ్లు, డూములు (హెడ్‌లైట్ చుట్టూ ఉండే కవర్లు), టెయిల్, మడ్‌గార్డులు, విరిగిన చెవులు (ప్యానెల్‌ను బండికి బిగించే చిన్న కొసలు), ఊడిన లాకులు, ఇదే నా పని. ఇన్నేళ్లలో ఇంజన్ పని తెలియక నష్టపోయిన వాళ్లకంటే, చేతిలో గమ్ము ట్యూబు ఉండి నష్టపోయిన వాళ్లనే నేను ఎక్కువ చూశాను. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

అపోహ: గమ్ము గట్టిగా ఉంటే చాలు, ప్లాస్టిక్ అతుక్కుంటుంది. సోడా చల్లితే ఇంకా రాయిలా అవుతుంది.

వాస్తవం: రాయిలా అవుతుంది, నిజమే. ఇబ్బంది కూడా అదే. ఈ రకం గమ్ములన్నీ సయనోఅక్రిలేట్ అనే రసాయనంతో చేసినవి. గాలిలోని తేమ తగలగానే గట్టిపడతాయి. ఒకదానికొకటి ఇరుకుగా కూర్చునే, వంగని చిన్న వస్తువులకు చాలా మంచివి. మన ఇంట్లో పగిలిన బొమ్మకు నేనూ అదే వాడతాను. బండి ప్యానెల్ సంగతి వేరు. ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచి ఆపేదాకా అది వణుకుతూనే ఉంటుంది, గుంతలో పడిన ప్రతిసారీ కొంచెం వంగి మళ్లీ లేస్తుంది. ప్లాస్టిక్ వంగుతుంది, గమ్ము వంగదు. దాంతో ఆ గమ్ము అంచు దగ్గరే కొత్త పగులు మొదలవుతుంది. సోడా కలిపితే క్షణాల్లో వేడి పుట్టి ఇంకా పెళుసుగా గట్టిపడుతుంది. యూట్యూబ్‌లో వీడియో తీసేవాళ్లు అతికించిన ముక్కను బల్లకేసి కొట్టి చూపిస్తారు. బండికి బిగించి తాడిపత్రి దాకా పోయి వచ్చి చూపించినవాళ్లను నేను చూడలేదు.

అసలు నష్టం ఆ తర్వాత ఉంది. ప్లాస్టిక్‌ను సరిగ్గా కలపాలంటే రెండు అంచులూ కరిగి ఒకటి కావాలి. మధ్యలో గమ్ము పొర ఉంటే కరిగిన ప్లాస్టిక్ దాన్ని దాటి అవతలి అంచును పట్టుకోదు. సోల్డరింగ్ ఐరన్ తగలగానే ఆ గమ్ము కాలి కళ్లు మండే పొగ వస్తుంది. కాబట్టి గమ్ము ఇంకినంత మేర అంచును కోసి తీసేయాలి. వెంట్రుకంత పగులు కాస్తా సెంటీమీటరు సందు అవుతుంది. ఆ సందులో వేరే ప్యానెల్ ముక్క పెట్టి, వంపు కలిపి, మళ్లీ నున్నగా తేవాలి. గమ్ము ప్లాస్టిక్ కంటే గట్టిది కాబట్టి ఎమెరీ పేపర్ పెట్టి రుద్దితే గమ్ము అరగదు, పక్కనున్న మంచి ప్లాస్టిక్ అరిగిపోయి పల్లం పడుతుంది.

నిరుడు ధర్మవరం నుంచి ఒక నేతపని చేసే అన్న వచ్చాడు. బండి 2004 మోడల్ ప్యాషన్ ప్లస్, వాళ్ల నాయనది. ఆయన పోయి ఆరేళ్లయిందంట. చీరల మూట వెనక కట్టుకొని ఆయన ఊళ్లన్నీ తిరిగింది ఆ బండి మీదే. స్టాండు జారి బండి పడి సైడ్ ప్యానెల్ చీలింది. పక్కింటి పిల్లోడు సాయం చేస్తానని గమ్ము మొత్తం పోసేశాడు. గమ్ము ఆవిరి కమ్మి కంపెనీ స్టిక్కరు మీద తెల్లటి బూజులాంటి పొర పట్టింది. "కొత్త ప్యానెల్ తెచ్చుకో అంటున్నారప్పా అందరూ. దొరుకుతుంది, నాకూ తెలుసు. మా నాయన చెయ్యి తగిలింది ఇదే కదా" అన్నాడు. రెండు రోజులు కూర్చొని ప్యానెల్‌ను నిలబెట్టాను. స్టిక్కరును మాత్రం కాపాడలేకపోయాను. రేడియం అంగడిలో అదే కొలతకు కోయించి వేశాం. ఆయన ఏమీ అనలేదు, చాలాసేపు దాని మీద వేలుతో రాస్తూ నిలబడ్డాడు. గమ్ము పోయకుండా తెచ్చి ఉంటే వెనకవైపు నుంచే అతికేవాణ్ని, ముందున్న స్టిక్కరు జోలికి పోవాల్సిన పనే లేదు.

మరి ఏం చేయాలి? ముందు అది ఏ ప్లాస్టికో తెలియాలి. ప్యానెల్ లోపలివైపు దుమ్ము తుడిస్తే చాలావాటికి చిన్న అక్షరాలు కనిపిస్తాయి: ఏబీఎస్ అని గానీ, పీపీ అని గానీ. రెండూ ప్లాస్టిక్ రకాలే. (ఆ ఏబీఎస్ చూసి "మా పాత బండికి ఏబీఎస్ ఉందా అన్నా" అని అడిగినవాళ్లు ఉన్నారు. అది బ్రేకులది. ఇది ప్లాస్టిక్ పేరు.) మామూలుగా సైడ్ ప్యానెళ్లు, టెయిల్, డూము ఏబీఎస్‌తో వస్తాయి. రంగు వేయని నల్ల భాగాలు చాలావరకు పీపీ. అక్షరాలు అరిగిపోతే లోపలి అంచు నుంచి చిన్న తునక కోసి నీళ్లలో వేయండి. తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ కావచ్చు. పౌడర్ కలిపిన పీపీ కూడా మునుగుతుంది కాబట్టి ఇంకో పరీక్ష కూడా చేయాలి: లోపలివైపు ఒక మూల అసిటోన్ అనే ద్రావకం చుక్క పెట్టి వేలితో తాకండి. జిగురుగా మారితే ఏబీఎస్. పీపీకి ఏమీ కాదు. పీపీకి గమ్ములు కూడా సరిగ్గా అంటవు, దాన్ని పీపీ కడ్డీతో వేడి చేసి కలపాల్సిందే.

నేను చేసే పద్ధతి ఇది. పగులు ఆగిన కొన దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తాను. లాగుడు మొత్తం ఆ సన్నటి కొన మీదే పడుతుంది, అక్కడ గుండ్రంగా చేస్తే పగులు ముందుకు పాకదు. ముందువైపు టేపు వేసి రెండు అంచులూ సమంగా పట్టి, వెనక నుంచి పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీస్తాను. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని ఆ గాడిలో కరిగించి నింపుతాను. కడ్డీలు కొనను. గుజిరీ అంగట్లో పాత ప్యానెళ్లు కిలో లెక్కన తెచ్చుకొని పట్టీలుగా కోసుకుంటాను. దాని మీద సన్నటి స్టీలు జాలిని ఐరన్‌తో నొక్కి ప్లాస్టిక్‌లోకి దించి, పైన మళ్లీ ప్లాస్టిక్ కప్పుతాను. బలమంతా ఆ జాలిది. ఏబీఎస్ అయితే చిన్న గుంతలకు పేస్టు వాడతాను: ఏబీఎస్ తునకలు గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తేనెలా అవుతుంది. ఇది పూశాక కనీసం ఒక రోజు ఆగాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల అసిటోన్ ఉంటుంది, తొందరపడి పెయింట్ వేస్తే పది రోజులకు కుంగి గీత తేలుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లు రెండు జాగ్రత్తలు తప్పకుండా పాటించాలి. ప్యానెల్‌ను బండి నుంచి విప్పి దూరంగా పెట్టి చేయండి, పెట్రోల్ ట్యాంకు పక్కన వేడి పని వద్దు. అసిటోన్ ఆవిరి కూడా భగ్గున అంటుకుంటుంది. తలుపులన్నీ మూసిన గదిలో చేయవద్దు.

గమ్ము తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఒకటుంది: పగులు కలిపి, పగిలిన కారణాన్ని వదిలేయడం. ఈ తప్పు నేనూ చేశాను. అంగడి పెట్టిన కొత్తలో కళ్యాణదుర్గం నుంచి ఒక మాస్టారు పాత పల్సర్ తెచ్చారు. టెయిల్ ప్యానెల్ చెవి విరిగింది. చాలా శ్రద్ధగా కట్టిచ్చాను. ఇరవై రోజులకు మళ్లీ వచ్చారు, నేను కట్టిన చోటికి ఒక వేలు పక్కన విరిగింది. మళ్లీ కట్టాను, మళ్లీ విరిగింది. మూడోసారి బండిని స్టాండు మీద వేసి నిదానంగా చూస్తే ఆ చెవి కూర్చునే చోట రబ్బర్ బుష్ లేదు. ఎప్పుడో ఎవరో విప్పి పడేసి, దాని బదులు బోల్టును బలంగా బిగించారు. వణుకు మొత్తం చెవి మీదే పడుతోంది. కొత్త రబ్బరు పది రూపాయలు. అది వేశాక ఆ ప్యానెల్ మళ్లీ నా దగ్గరికి రాలేదు. మాస్టారు రెండుసార్లు ఇచ్చిన డబ్బు నేను తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ప్యానెల్ ఒక్కటే చేతిలో పట్టుకొని వచ్చినవాళ్లను బండి కూడా తెమ్మంటాను. సర్వీసింగ్ చేయించినప్పుడల్లా మీ రబ్బర్లు మీకు తిరిగి వచ్చాయో లేదో చూసుకోండి. ప్లాస్టిక్ చెవికి వేసే స్క్రూ కదలకుండా ఉంటే చాలు, బలం కొద్దీ తిప్పకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పెట్రోల్‌తో తుడిస్తే ప్యానెల్ కొత్తదిలా మెరుస్తుందంటారు. ఆ పూటకు మెరుస్తుంది. ఏబీఎస్‌కు పెట్రోల్ పడదు, స్క్రూల చుట్టూ బిగువు ఉన్నచోట సన్నటి పగుళ్లు లేస్తాయి. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ కూడా లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి. షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

ఎండకు ప్లాస్టిక్‌కు ఏం కాదంటారు. మన అనంతపురం ఎండలో నిలబడి ఈ మాట ఎలా అంటారో నాకు అర్థం కాదు. ఏబీఎస్ పగలకుండా కాపాడేది అందులోని రబ్బరు గుణం. ఏళ్ల తరబడి ఎండ తగిలితే ముందు పోయేది అదే. పెయింట్ కాస్త అడ్డుపడుతుంది, పెయింట్ లేచిన చోట ఆ అడ్డం ఉండదు. లోపలి అంచును గోటితో గీస్తే పొడి రాలితే, చిన్నగా వంచితే పుటుక్కున విరిగితే ఆ ప్యానెల్ పనైపోయింది. అలాంటివి నేను తీసుకోను, తీసుకొని మీ డబ్బు వృథా చేయలేను.

"ఫైబర్" అని అన్నిటినీ ఒకే మాటతో పిలుస్తారు. అసలైన ఫైబర్ డూము విరిగిన చోట తెల్లటి పోగులు కనిపిస్తాయి. అది కరగదు, ఐరన్ పెడితే మాడుతుంది. దానికి రెజిన్ (గట్టిపడే జిగురు), మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) పద్ధతి వేరే. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు లేకుండా ఎవరూ చేయకండి, గాజు దుమ్ము అది.

డూప్లికేట్ సెట్ కొంటే ఖర్చు తక్కువ, అదే ఒరిజినల్‌తో సమానం అనే మాట కూడా వింటుంటాను. కొన్ని బాగానే ఉంటాయి. నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి చెవులు ఒక చోట, బండిలో రంధ్రం ఇంకో చోట. లాగి బిగిస్తారు, నెలలో చెవి విరుగుతుంది. కొత్తవి బిగించి సరిగ్గా కూర్చున్నాయని తేలేదాకా పాత ఒరిజినల్ ముక్కల్ని గుజిరీకి వేయవద్దు.

బండి పడి డూము పగిలితే ఛాసిస్ కూడా పోయిందేమో అని భయపడేవాళ్లు ఉంటారు. మొన్న ఒక ఇంజనీరింగ్ అమ్మాయి వాళ్ల అన్న బండి పడేసి, చేతులు వణుకుతుంటే ముక్కలు చున్నీలో ఏరుకొని వచ్చింది. "ఇంట్లో ఏం చెప్పాలన్నా, బండి మొత్తం పోయిందా" అని ఒకటే టెన్షన్. ముందు కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ప్లాస్టిక్ బాడీ బండి బరువు మోయదు తల్లీ, అది పగిలిందంటే ఛాసిస్ వంగిందని అర్థం కాదు అని చెప్పాను. హ్యాండిల్ నేరుగా ఉందా, పూర్తిగా తిప్పితే ఎక్కడైనా తగులుతోందా, హెడ్‌లైట్ గట్టిగా ఉందా, మడ్‌గార్డ్ టైరుకు రాసుకుంటోందా, ఈ నాలుగూ నా ఎదురుగానే చూపించాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ అమ్మాయి ఒక్క ముక్క కూడా పారేయలేదు కాబట్టి, గమ్ము జోలికి పోలేదు కాబట్టి, డూము సాయంత్రానికి ఒక రూపానికి వచ్చింది. ఈ నాలుగింటిలో ఏది తేడాగా ఉన్నా మాత్రం బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి. ముందు మడ్‌గార్డ్ స్టే (దాన్ని పట్టి ఉంచే పట్టీ) పగిలితే నేను అతికించను, కొత్తది వేయమంటాను. అది ఊడి టైరులో పడితే మనిషి పడతాడు.

పెయింట్ వేసి ఇచ్చాక అందరూ అడిగేది, ఎప్పుడు కడగొచ్చని. వారం దాకా వాటర్ సర్వీసింగ్‌కు తీసుకుపోవద్దు. ఆ తర్వాత కూడా గన్నును అతికిన చోట దగ్గరగా పెట్టనివ్వకండి. మెరుపు కోసం డీజిల్ కొడతామంటే వద్దని అక్కడే చెప్పేయండి.