కొల్చిసిన్ వివాదం: ముందు పిలిచింది రక్తనాళం గోడే

కొల్చిసిన్ మీద వాదన మళ్లీ రాజుకుంది. గౌట్ అనే కీళ్ల నొప్పికి ఎప్పటినుంచో వాడుతున్న, ఇన్‌ఫ్లమేషన్‌ను (ఒంట్లో రేగే వాపును) తగ్గించే ఈ మాత్రను రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు ముప్పు తగ్గించడానికి వాడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఆమోదించింది. 2024 అక్టోబరులో క్లియర్ సినర్జీ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. గుండెపోటు వచ్చి యాంజియోప్లాస్టీ చేయించుకున్న 7,062 మందిలో కొల్చిసిన్ వల్ల లాభం కనబడలేదు. దాంతో, రక్తనాళాల పూడికకు ఇన్‌ఫ్లమేషన్ కూడా కారణమనే సిద్ధాంతాన్నే కొట్టిపారేసేవాళ్లు బయల్దేరారు.

కొలెస్ట్రాల్ సంగతీ, దాన్ని తగ్గించే స్టాటిన్ మందుల సంగతీ అందరికీ తెలిసినవే. ఈ గొడవకు అసలు మూలం 1991లో ఉంది. బోస్టన్‌లో మైరన్ సైబుల్స్కీ, మైకేల్ గింబ్రోన్ కొలెస్ట్రాల్ మేత పెట్టిన కుందేళ్ల బృహద్ధమనిని పరీక్షించారు. పూడిక ఏర్పడే చోట లోపలి పొర కణాల మీద వీకామ్-1 అనే ప్రొటీన్ కనబడింది. రక్తంలో పోతున్న మోనోసైట్లను, అంటే ఒక రకం తెల్లకణాలను, పట్టి ఆపేది అదే. ఆ మేత మొదలైన వారానికే వీకామ్ వస్తుందనీ, తెల్లకణాలు గోడలో పోగయ్యేది ఆ తర్వాతేననీ 1993లో తేలింది.

ఎవరు ముందన్నదే ఇక్కడ కీలకం. రక్తనాళం కొవ్వు పేరుకునే ఉత్త గొట్టం కాదు, రోగనిరోధక కణాలను పిలిచేది దాని గోడే. లోపలికి వెళ్లిన మోనోసైట్లు మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాలుగా మారి, పాడైన ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) మింగుతాయి. కొలెస్ట్రాల్ స్ఫటికాలు తగిలితే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతాయి. దాని ప్రభావంతో గోడ కణాలు ఇంకా వీకామ్ తయారుచేస్తాయి, ఇంకా తెల్లకణాలు వస్తాయి.

2017లో కాంటోస్ ప్రయోగం సరిగ్గా ఆ ఇంటర్‌ల్యూకిన్‌నే అడ్డుకుంది. 10,061 మంది రోగులు. దాన్ని అడ్డుకునే కెనకినుమాబ్ అనే మందు 150 మిల్లీగ్రాముల మోతాదుతో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ మాత్రం తగ్గలేదు! ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగిన మాట నిజమే. అయినా సిద్ధాంతానికి ఇంతకంటే సూటి పరీక్ష ఏముంటుంది?

2018లో కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఇలాంటి ప్రయోగంలో విఫలమైందని అవతలివాళ్లు గుర్తుచేస్తారు. ఆ మందు అసలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటానే తగ్గించలేదు. 2020లో లోడోకో-2 అనే ప్రయోగంలో, జబ్బు నిలకడగా ఉన్న 5,522 మందిలో, కొల్చిసిన్ ముప్పును 31 శాతం తగ్గించింది. క్లియర్‌లో చేరినవాళ్లు అప్పుడే గుండెపోటు వచ్చినవాళ్లు. అదీగాక ఆ ప్రయోగం కోవిడ్ రోజుల్లో కూడా సాగింది.

నిలకడగా ఉన్న రోగులకు కొల్చిసిన్ ఇచ్చే విషయం ఆలోచించాలని ఐరోపా కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు 2024 ఆగస్టులో చెప్పాయి, అంటే క్లియర్ ఫలితాలకు ముందే. ఆ సలహాను ఇప్పుడు సవరించాలా వద్దా అన్న దగ్గరే వైద్యులు చీలిపోయారు.